12 అడిగితే 31 చెప్పిన రోజు

మునుగోడు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసిన అమ్మాయికి 21 ఏళ్లు. నల్లగొండలో బీఎస్సీ చదివింది, బీజడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, కెమిస్ట్రీ) గ్రూపు. ఈ వేసవిలోనే చివరి పరీక్షలు అయ్యాయి. పేరు వేయవద్దని రెండుసార్లు రాసింది కాబట్టి ఊరి పేరు కూడా తీసేశాను. ఉత్తరం ఏడు పేజీలుంది, కుదించి చెబుతున్నాను.

హైదరాబాద్‌లో ఒక మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రికార్డులకు కోడ్‌లు వేసే పని) కంపెనీ కొత్తగా డిగ్రీ అయినవాళ్లకు ఇంటర్వ్యూలు పెట్టిందని స్నేహితురాలు చెప్పింది. ఉదయం తొమ్మిదిన్నరకల్లా రాయదుర్గంలో ఉండాలి. ఆ రోజు మూడున్నరకే లేచింది. నాయన బండి మీద చౌటుప్పల్ దాకా దింపితే అక్కడ బస్సెక్కింది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బస్సు చాలాసేపు నిలిచిపోయింది. ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అడుగుతూ అడుగుతూ ఆ భవనం చేరేసరికి 9.20. దారిలో ఇబ్బంది పడాల్సి వస్తుందని ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించింది. పొద్దున ఏమీ తినలేదు. కొత్త చెప్పులు మడమను ఒరుసుకుపోయాయి.

అక్కడ అప్పటికే రెండు వందల మందికి పైగా ఉన్నారట. ఈమె టోకెన్ 143. పదకొండింటికి రాత పరీక్ష, అందులో నెగ్గింది. ఆ తర్వాత మూడు ముప్పావు దాకా మెట్ల మీదే కూర్చుంది. ‘పేరు పిలిచినప్పుడు లేకపోతే ఎట్లా’ అని భోజనానికి కదలలేదు. లోపలికి పిలిచాక మొదటి రెండు ప్రశ్నలకు సరిగ్గానే చెప్పింది. మూడోది, కపాల నాడులు ఎన్ని జతలు అని. 31 అంది. అడిగినాయన ఏమీ అనకుండా కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ‘తలుపు దాటగానే 12 అని గుర్తొచ్చిందమ్మా. వెనక్కి వెళ్లి చెబుదామనుకున్నాను. అప్పటికే ఇంకో అమ్మాయి లోపలికి పోయింది.’

చివరిగా మానవ వనరుల విభాగం వాళ్లు. నీ గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగారు. బట్టీ పట్టిన వాక్యాలు మూడోదాని దగ్గర తెగిపోయాయి. ఎదురుగా ఉన్న అబ్బాయి ల్యాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తలేదు. రాత్రి షిఫ్టు చేస్తావా అంటే ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అంది. మెయిల్ వస్తుందన్నారు.

తిరిగి చౌటుప్పల్ చేరేసరికి రాత్రి పదైంది. నాయన బండితో ఎదురుచూస్తున్నాడు. ‘తిన్నావా బిడ్డా’ అన్నాడు. తిన్నానంది. కొంత దూరం పోయాక ‘ఏమన్నారు’ అన్నాడు. ‘తీసుకున్నారు నాయనా.’ ఆ మాట తన నోట ఎలా వచ్చిందో తనకే తెలియదని రాసింది. తెల్లారేసరికి అమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టింది. నాయన ఊరంతా చెప్పుకున్నాడు.

వారం తర్వాత ఒక ఫోన్ వచ్చింది. కంపెనీ తరఫున మాట్లాడుతున్నానన్నాడు. నువ్వు శిక్షణకు ఎంపికయ్యావు, 35,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి, తర్వాత తిరిగి ఇస్తాం, ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించాలి, రెండేళ్ల బాండ్ రాయాలి, మూడు నెలల శిక్షణ అయ్యాక ఏడాదికి 2,16,000 జీతం. శుక్రవారం లోపు కట్టాలి. నాయన బత్తాయి తోట మీద అడ్తిదారు (కాయ కొనే కమిషన్ వ్యాపారి) దగ్గర ముందుగా డబ్బు తీసుకోవడానికి మాట్లాడి వచ్చాడు. చిన్నాయన మాత్రం ‘పట్నం ఉద్యోగాలు వద్దు, బీఈడీ చేయి’ అంటున్నాడు. ‘అబద్ధం చెప్పినందుకు దేవుడే దాన్ని నిజం చేశాడా, లేక ఇంకో గుంతలో పడుతున్నానా? అసలు నేను ఉద్యోగానికి పనికొస్తానా? ఇంకోసారి ఇంటర్వ్యూ అంటేనే కడుపులో తిప్పుతోంది’ అని ముగించింది.

అమ్మాయీ,

‘అమ్మా’ అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను. నీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఆ రోజు ఏం జరిగిందన్నది ఒకటి, ఆ ఫోన్ ఏమిటన్నది రెండోది, నాయనకు చెప్పిన మాట మూడోది. మూడూ ఒకేసారి లాగితే ముడి బిగుస్తుంది. గడువు ఉన్నది ఫోన్‌కే అయినా, ముందు ఆ రోజు గురించే మాట్లాడతాను. ఎందుకంటే నువ్వు ఆ రోజును తప్పుగా చదువుకున్నావు, మిగతా రెండు నిర్ణయాలనూ ఆ తప్పు చదువు మీదే నిలబెడుతున్నావు.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. కపాల నాడులు 12 జతలు, వెన్ను నాడులు 31 జతలు. ఈ రెండు సంఖ్యలూ తెలియని పిల్లలు ఎందరినో చూశాను. వాళ్లు 10 అంటారు, 24 అంటారు, లేదా పైకప్పు చూస్తారు. 12కు బదులు 31 అనడానికి మాత్రం 31 తెలిసి ఉండాలి. నీ తలలో రెండు అరలూ సరుకుతోనే ఉన్నాయి, చేయి పక్క అరలోకి పోయింది. ఇంతకీ ఎప్పుడు పోయింది? నిద్ర లేచిన పన్నెండు గంటల తర్వాత, ఒక్క ముద్ద తినకుండా, ముందు రోజు రాత్రి నుంచి సరిగ్గా నీళ్లు కూడా తాగకుండా. అదే ప్రశ్న పొద్దున పదకొండింటికి రాత పరీక్షలో వచ్చి ఉంటే ఏం రాసేదానివో నీకు తెలుసు. ఆ పరీక్ష నెగ్గిన మనిషీ నువ్వే కదా. నీ ఉత్తరంలో దానికి ఒక్క వాక్యం ఇచ్చావు, తప్పు చెప్పిన జవాబుకు ఒకటిన్నర పేజీ ఇచ్చావు.

నీళ్ల సంగతి చదివి నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు. మన ఆడపిల్లలు దూరం వెళ్లాలంటే మొదట మానేది నీళ్లే. బస్‌స్టాండ్‌లో మరుగుదొడ్డి ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి అలా చేస్తారు. నేనూ చేశాను. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు పేపర్లు దిద్దడానికి వెళ్లే రోజుల్లో పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టేదాన్ని కాదు, సాయంత్రానికి తల పగిలిపోయేది. దాన్ని ఎండ అనుకునేదాన్ని. మెట్రో స్టేషన్లలో మరుగుదొడ్లు ఉంటాయి. ఎల్‌బీనగర్‌లో దిగగానే ఆ పని చూసుకుంటే, అక్కడి నుంచి నీళ్లు తాగుతూ పోవచ్చు. చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ నీ మూడో జవాబును తిన్నది ఇదే అని నా అనుమానం.

ఇంకో మాట, బల్లకు అవతలి వైపు నుంచి చెబుతాను. కాలేజీలో తాత్కాలిక లెక్చరర్లను తీసుకునేటప్పుడు కొన్నాళ్లు నేనూ ఇంటర్వ్యూ బల్ల వెనక కూర్చున్నాను. పొద్దున వచ్చినవాళ్ల ముఖాలు గుర్తుండేవి. మధ్యాహ్నం భోజనం తర్వాత వచ్చినవాళ్లలో ఎవరు ఏం చెప్పారో సాయంత్రానికి నా రాత చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. నిద్ర ఆపుకోవడానికే తల వంచుకుని ఏదో రాస్తూ ఉండేదాన్ని. ఎదుటివాళ్లు అది తమ మీద తీర్పు అనుకునేవాళ్లని ఒక అమ్మాయి తర్వాత చెప్పేదాకా నాకు తట్టలేదు. నీ ఎదుట తల ఎత్తని ఆ అబ్బాయి నీకు ముందు వంద మందికి పైగా చూసి ఉంటాడు. అతడు చేసింది మర్యాద కాదు, అది వేరే విషయం. కానీ దాన్ని నీ విలువకు కొలతగా మోసుకుని ఇంటికి తీసుకురావలసిన పని లేదు.

నీ వైపు నుంచి నిజంగా లోటు ఉన్నవి రెండు. ఒకటి, బట్టీ పట్టిన ఇంగ్లీషు. బట్టీ పట్టింది అలసిన రోజు మొదట మోసం చేస్తుంది, ఒక మాట జారితే మిగతావన్నీ దాని వెంటే పోతాయి. పొడవైన పేరాకు బదులు చిన్న చిన్న వాక్యాలు నాలుగు నీవి నువ్వే కూర్చుకో. ఏం చదివావు, అందులో ఏది ఇష్టం, ఈ పని గురించి ఏం తెలుసుకున్నావు, ఎప్పటి నుంచి చేరగలవు. బర్రెల దగ్గరో, అంట్లు తోముతూనో రోజూ పైకి అనుకో. అద్దం ముందు కన్నా అదే మేలు, ఎందుకంటే చేతులు వేరే పనిలో ఉన్నా నోరు ఆగకూడదన్నదే ఇక్కడ కావలసింది.

రెండోది, రాత్రి షిఫ్టు ప్రశ్న. ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అనడం తప్పు కాదు, కానీ ఆ అడగడం ఇంటర్వ్యూకు ముందే జరగాలి. ఇందులో నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఈ కంపెనీల్లో పని ఒకటే రకం కాదు. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, జబ్బుకూ చికిత్సకూ తగిన కోడ్ వేసేది కోడింగ్. బీమా డబ్బు అక్కడి నుంచే కదులుతుంది. అందుకే నాడులూ ఎముకలూ అడుగుతారు. ఇది కాగితం పని, చాలాచోట్ల పగటి షిఫ్టులోనే జరుగుతుంది. బీమా కంపెనీలకు ఫోన్ చేసి రావలసిన బిల్లులు అడిగే విభాగం ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఏఆర్ కాలింగ్ అంటారు. అక్కడ అమెరికా పగలే మన రాత్రి, కాబట్టి రాత్రి షిఫ్టు తప్పదు. నిన్ను రాత్రి షిఫ్టు గురించి అడిగారంటే ఏ సీటుకు చూస్తున్నారో నువ్వు తిరిగి అడగవచ్చు. అలా అడిగితే కోపగించుకోరు, విషయం తెలిసిన పిల్ల అనుకుంటారు.

ఇక ఆ ఫోన్.

నీ ఉత్తరంలో ఒక చోట కన్ను ఆగింది. కంపెనీ వాళ్లు మెయిల్ వస్తుందన్నారు. వచ్చింది ఫోన్, అదీ ‘కంపెనీ తరఫున’ మాట్లాడే మనిషి నుంచి. ఈ రెండూ ఒకటేనని నీకు ఎవరు చెప్పారు? రెండు వందల మంది పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన కాగితాలు ఆ రోజు ఎన్ని చేతులు మారాయో మనకు తెలియదు. అతడు నిజంగా కంపెనీ మనిషే కావచ్చు, దానితో సంబంధం ఉన్న శిక్షణ సంస్థ వాడు కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. ఇది తేల్చడానికి పైసా ఖర్చు కాదు. ఎంపికైనట్టు కంపెనీ మెయిల్ చిరునామా నుంచి ఉత్తరం పంపమను. మామూలు జీమెయిల్ నుంచి వస్తే లెక్కలోకి తీసుకోకు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు నువ్వే ఫోన్ చేసి, నీ పేరు, ఇంటర్వ్యూ తేదీ, టోకెన్ నంబరు చెప్పి అడుగు. అతడు ఇచ్చిన నంబరుకు చేసి అడిగితే లాభం లేదు. వీలైతే, మీ మేనత్త వనస్థలిపురంలో ఉంటుందని రాశావు కదా, వాళ్ల ఇంట్లో ఎవరైనా ఆ ఆఫీసు దాకా వెళ్లి అడిగి రాగలరేమో చూడు.

నేను ఒక్క మాట గట్టిగా అంటాను. పని చేయించుకునేవాడు జీతం ఇస్తాడు, డిపాజిట్ తీసుకోడు. కోడింగ్ నేర్పడానికి బాహాటంగా ఫీజు తీసుకునే సంస్థలు అమీర్‌పేటలో బోలెడున్నాయి. అది చదువు, అందులో తప్పు లేదు. ఫీజు అని చెబితే ఫీజు లెక్కన ఆలోచించుకోవచ్చు. ఫీజును డిపాజిట్ అనీ, చదువును ఉద్యోగం అనీ పిలిచినప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

అన్నీ నిజమే అని తేలిందనుకుందాం. అప్పుడైనా కట్టి చేరడం ఎలా ఉంటుందో లెక్క వేసి చూడు. ఏడాదికి 2,16,000 అంటే నెలకు 18,000 అని మీ ఇంట్లో అనుకుంటున్నారు. ఆ అంకెలో కంపెనీ నీ పేరున కట్టే భవిష్య నిధి (పీఎఫ్), ఈఎస్ఐ అనే ఆరోగ్య బీమా వాటా కూడా కలిపి చెప్పడం ఇప్పుడు మామూలు. మూల వేతనం 12,000 అనుకుంటే కంపెనీ కట్టే భవిష్య నిధి 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ వాటా 3.25 శాతం. అవి తీసేస్తే నీ జీతం కాగితం మీద దాదాపు 16,000. అందులోంచి మళ్లీ నీ వాటా భవిష్య నిధి 1,440, ఈఎస్ఐ 0.75 శాతం కింద 120, వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 14,300కు అటూ ఇటూ. హాస్టల్ 6,500 అని నువ్వే కనుక్కున్నావు. మిగిలే 7,800లో బస్సు, ఫోను, ఆదివారం ఇంటికి రావడం, ఒక జత చెప్పులు. భవిష్య నిధి పోయేది కాదు, నీ ఖాతాలోనే ఉంటుంది. అయినా నెల గడవడానికి అది పనికిరాదు. పైగా శిక్షణ మూడు నెలలు జీతం ఉందో లేదో అతడు చెప్పలేదు, నువ్వు అడగలేదు. లేకపోతే హాస్టల్‌కే 19,500. డిపాజిట్‌తో కలిపితే మొదటి జీతం చూడకముందే 54,500 కావాలి.

ఆ డబ్బు వచ్చే దారి కూడా చూడు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 35,000కు నెలకు 700. మీ నాయన అడ్తిదారు దగ్గర తీసుకుంటే వడ్డీ ఉండదని రాశావు. వడ్డీ అడగడు, కాయ అడుగుతాడు. ముందుగా డబ్బు తీసుకున్న రైతు వచ్చే కాత ఆయనకే పోయాలి, ఆయన చెప్పిన ధరకే పోయాలి. బత్తాయి టన్నుకు వెయ్యి రూపాయలు తగ్గినా ఎంత నష్టమో తోట ఉన్న ఇంట్లో పుట్టినదానికి నేను చెప్పాలా?

బాండ్ గురించి ఊళ్లో ఎవరైనా ‘అది చెల్లదులే, సంతకం పెట్టు’ అంటారు. అంత తేలిక కాదు. నిర్ణీత కాలం పని చేయాలని, మధ్యలో మానేస్తే పరిహారం ఇవ్వాలని రాయించుకోవడం దానంతట అదే చట్టవిరుద్ధం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో చెప్పింది. అలాగని బాండ్ మీద ఎంత రాస్తే అంతా వసూలు చేసుకునే హక్కు కూడా ఎవరికీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, ఇప్పించేది సమంజసమైన పరిహారం. అయినా కోర్టు దాకా పోయే ఓపిక మీ ఇంట్లో ఎవరికి ఉంది? కాబట్టి సంతకానికి ముందే చదవాలి. ఎన్ని నెలలు, మానేస్తే ఎంత, వాళ్లే తీసేస్తే ఏమిటి, ఈ మూడూ కాగితం మీద కనబడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకో, జిరాక్సులు ఇవ్వు. ఒకసారి వాళ్ల బీరువాలోకి పోయాయంటే, బాండ్ అవసరం లేకుండానే నిన్ను కట్టేసినట్టు.

ఎంత చెప్పినా నాయన తొందరపడి డబ్బు పంపేసి, తర్వాత మోసమని తేలితే, సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల కోసం దేశమంతా ఉన్న నంబరు అది. గంటల్లో చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది, రోజులు గడిస్తే కష్టం.

కట్టకూడదనుకుంటే నీ ముందు ఏమున్నాయి? మీ చిన్నాయన చెప్పే బీఈడీ చెడ్డ దారి కాదు. రెండేళ్ల చదువు, ఆ తర్వాత టెట్, ఆ తర్వాత డీఎస్సీ కోసం ఎదురుచూపు. ఆ ఎదురుచూపు ఎంతో ఎవరూ మాట ఇవ్వలేరు. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత, నియామకాల దాకా వచ్చిన మరో డీఎస్సీ కోసం 2024 దాకా ఆగాల్సి వచ్చింది, అది 11,062 పోస్టులకు. పిల్లలకు చెప్పడం నీకు ఇష్టమైతే వెళ్లు, మధ్యలో ప్రైవేటు బడిలో చేస్తూ నిలబడగలవు. ఇంటర్వ్యూలంటే భయం కాబట్టి బీఈడీలో దాక్కుంటానంటే మాత్రం, రెండేళ్ల తర్వాత అదే భయం అక్కడే కూర్చుని ఉంటుంది. ప్రైవేటు బడిలోనూ ఇంటర్వ్యూ ఉంటుంది మరి.

ఇంకో దారి మీ ఇంటికి దగ్గరలోనే ఉంది, నీ ఏడు పేజీల్లో దాని ఊసే లేదు. చౌటుప్పల్ చుట్టూ మందుల, రసాయనాల కంపెనీలున్నాయి. కెమిస్ట్రీ చదివిన బీఎస్సీ పిల్లలను ల్యాబులో, నాణ్యతా విభాగంలో శిక్షణకు తీసుకుంటూ ఉంటాయి. జీతం మొదట పట్నం కన్నా తక్కువే ఉండవచ్చు. కానీ హాస్టల్ ఖర్చు లేకపోతే నెలాఖరున చేతిలో మిగిలేది ఎక్కువే కావచ్చు. వెళ్లేముందు అడగవలసినవి వేరు: ఆడపిల్లలకు జనరల్ షిఫ్టేనా, కంపెనీ బస్సు మునుగోడు వైపు వస్తుందా, ల్యాబులో గాలి బయటికి లాగే ఏర్పాటు ఉందా. మీ ఊరి వాళ్లకు హైదరాబాద్ ఉద్యోగం అంత గొప్పగా ఇది వినిపించదు. అది నీకు ఎంత ముఖ్యమో నువ్వే తూచుకోవాలి. అప్రెంటిస్‌షిప్‌లు కూడా చూడు. డిగ్రీ అయినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఏడాది పాటు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పిస్తారు, పేరు నమోదుకు పైసా తీసుకోరు. నల్లగొండలో జిల్లా ఉపాధి కార్యాలయం పెట్టే జాబ్ మేళాలకు కూడా ఫీజు ఉండదు. అక్కడికి ఉద్యోగం కోసం కాకపోయినా, పది బల్లల ముందు పదిసార్లు నీ గురించి చెప్పుకునే అలవాటు కోసమైనా ఒకటి రెండుసార్లు పో.

కోడింగే కావాలనుకుంటే అదీ మూసుకుపోలేదు. మళ్లీ ఎప్పుడు హాజరు కావచ్చని ఆ కంపెనీకే మెయిల్ రాయి. కొన్ని నెలలు ఆగి రమ్మనే కంపెనీలు చాలా ఉన్నాయి. ఈసారి మాత్రం ముందు రోజు సాయంత్రమే వనస్థలిపురం చేరుకో. మేనత్త ఇంటికి వెళితే పెళ్లి సంబంధాల మాట ఎత్తుతుందని రాశావు, నిజమే అయ్యుండవచ్చు. ఒక రాత్రి ఆ మాటలు వినడమా, మూడున్నరకు లేవడమా, ఎంచుకో. నాకైతే సంబంధాల మాటలే తేలిక అనిపిస్తుంది, అవి వింటూ నిద్రపోవచ్చు. డబ్బాలో పులిహోర పెట్టుకో, పాత చెప్పులు వేసుకో. టోకెన్ ఇచ్చే మనిషిని ‘నా నంబరు రావడానికి ఎంతసేపు పట్టవచ్చు’ అని అడుగు. పక్కన కూర్చున్న అమ్మాయికి చెప్పి వెళ్లి తిను. తర్వాత ఆమె కూడా వెళ్లి తింటుంది.

చివరికి నాయన. ఇది వాయిదా వేసే కొద్దీ ఖరీదు పెరిగే విషయం, శుక్రవారం నాటికి దాని ధర 35,000.

చెప్పకుండా గడిపేసే దారి ఒకటి ఉంది, దాన్ని దాచను. ‘కంపెనీ వాళ్లు రద్దు చేశారు’ అనవచ్చు. నమ్ముతారు. ఊరు నాలుగు రోజులు మాట్లాడుకుని పత్తి ధర మీదకు పోతుంది. అయితే అప్పుడు నాయన ఆ కంపెనీని తిడతాడు, నువ్వు పక్కన కూర్చుని ఊ కొట్టాలి. తర్వాతి ఇంటర్వ్యూకు బండి మీద దింపేటప్పుడు ‘పోయినసారి తీసుకున్నారుగా, ఈసారీ తీసుకుంటారు’ అంటాడు. ఆ మాట మోస్తూ బస్సెక్కడం నీ వల్ల అవుతుందా? నీ ఉత్తరం చదివితే నాకు కాదనిపిస్తోంది.

అమ్మకు చెప్పి ఆమె చేత చెప్పించడం ఇంకో దారి. ఆ రాత్రి తేలిగ్గా గడుస్తుంది. కానీ బిడ్డ నాకెందుకు చెప్పలేదన్న నొప్పి ఆయనకు మిగులుతుంది, అమ్మ మీద కోపంగా అది బయటపడుతుంది. చిన్నాయనకు చెబితే ఆయన సాయం చేస్తాడు, దానితో పాటు బీఈడీ దరఖాస్తు కూడా తెస్తాడు.

నేరుగా చెబితే కోపం వస్తుంది. ఊళ్లో చెప్పుకున్న మనిషి కదా, తల వంచాల్సింది ఆయనే. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. నలుగురిలో చెప్పకు, టిఫిన్ తినే వేళ చెప్పకు. తోటలో ఇద్దరే ఉన్నప్పుడు, అడ్తిదారు దగ్గరికి పోకముందు చెప్పు. ‘నన్ను క్షమించు’ అని మొదలుపెడితే ఆయన భయపడతాడు, పిల్ల ఏం చేసి వచ్చిందో అనుకుంటాడు. నువ్వు అబద్ధం మొదలుపెట్టింది ఉద్యోగం మాట దగ్గర కాదు, ఉత్తరం మళ్లీ చదువుకో. చౌటుప్పల్‌లో బండి ఎక్కగానే ఆయన అడిగింది వేరే ప్రశ్న. దానికే ఇప్పుడు జవాబు చెప్పు: ‘నాయనా, ఆ రోజు నేను తినలేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమీ తినలేదు.’ ఎందుకని అడుగుతాడు. టోకెన్ నంబరు నుంచి 31 దాకా చెప్పు, తర్వాత బండి మీద అన్న మాట చెప్పు, ఆ తర్వాత డిపాజిట్ మాట.

కంపెనీ నంబరుకు ఫోన్ చేసే పని మాత్రం అంతకుముందే ముగించుకుని వెళ్లు. ‘మరి ఆ ఫోన్ చేసినవాడెవడు’ అని ఆయన కచ్చితంగా అడుగుతాడు.